చెట్టు వింటుండగా ఇచ్చిన వాంగ్మూలం

ఐన్ సల్మా ఒయాసిస్సు, 1909 ఏప్రిల్

మండల కంట్రోలరు దొరవారి సముఖమునకు, ఐన్ సల్మా తోటల కాపురస్తుడు తుహామీ బిన్ లఖ్దర్ భార్య మన్నూబియా మిక్కిలి వినయంతో రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఖర్జూరపు చెట్టును నరకబోయినాడన్న నేరంపై నా భర్తను ఠాణాలో నిర్బంధించుట గురించి, సదరు చెట్టును నరికే ఉద్దేశం ఆయనకు ఎన్నడూ లేదని, ఉన్నదని ఆయన ఒప్పుకొన్న మాట చెట్టు కోసం చెప్పినదే గాని సర్కారు కోసం చెప్పినది కాదని, తోటలో పూత దాటిపోకముందే ఆయనను విడువవలెనని.

ఈ అర్జీ నా చేతి రాత. నా తండ్రి ఖురాను బడి పంతులు గనుక నాకు రాయడం వచ్చు. సంతలో అర్జీలు రాసే ఆయన దగ్గరికి ముందు వెళ్ళాను. ఆయన తమరిని పొగడడానికి ఒక కాగితం, నేను ఏడ్చినట్లు రాయడానికి ఒక కాగితం నింపి, అసలు సంగతికి చోటు లేదన్నాడు. అందువల్ల నేనే వరసగా రాస్తున్నాను. పొగడ్త తక్కువైతే మన్నించవలెను.

ఇంకొక మనవి. ఈ అర్జీని తమకు ఫ్రెంచిలో చదివి వినిపించేది దుబాసీ సీ షాద్లీ గారే. వారి ప్రస్తావన వచ్చిన చోట కూడా దాటవేయకుండా చదవవలెనని సీ షాద్లీ గారికి ఇక్కడే మనవి చేసుకొంటున్నాను.

1. మా ఇంట్లో నేను, నా భర్త, ఇద్దరు ఆడపిల్లలు, మా అత్తగారు ఝీనా ఉంటాము. ఇరవై మూడు ఖర్జూరపు చెట్ల తోట, దానికింద కాస్త బార్లీ, ఉల్లి, మిరప. కాలువ నీళ్ళు మా వంతుకు వచ్చినప్పుడు పారించుకొంటాము. కోత కాలానికి ఒంటెల వాళ్ళు ఉత్తరం నుంచి గోధుమలు, ఉన్ని తెస్తారు; మేము ఖర్జూరం కొలిచి ఇస్తాము. ఏడాదంతా తినేది ఆ గోధుమలే. మాకు ఇంకొక ఆధారం లేదు. నా భర్త మీద ఇంతకు ముందు ఏ ఫిర్యాదూ లేదు. మేకలు పక్క తోటలో పడ్డాయని ఒకసారి తగవు వచ్చింది గాని, ఆ మేకలు మావి కావని తేలింది.

2. సదరు చెట్టు నాది. పెళ్ళినాడు నా భర్త నా పేర రాసిచ్చిన రెండు చెట్లలో ఒకటి. రెండోది ఏటా విరగకాస్తుంది. ఇది మాత్రం నాలుగేళ్ళుగా ఒక్క గెల వేయలేదు. పేడ వేశాము. మొదలు తవ్వి కుళ్ళిన వేళ్ళు తీశాము. నీళ్ళు పెంచాము, తగ్గించాము. లాభం లేకపోయింది.

అటువంటి చెట్టును మా ప్రాంతంలో బెదిరిస్తారు. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు గొడ్డలి పట్టుకొని ‘నరికేస్తాను’ అంటూ చెట్టు మీదికి వెళ్ళాలి. గొడ్డలి వెనకవైపుతో మూడు దెబ్బలు, చెట్టుకు నొప్పి తెలియకుండా, భయం మాత్రం తెలిసేటట్లు వేయాలి. రెండోవారు అడ్డుపడి, ‘వద్దు, వచ్చే కోతకు కాస్తుంది, దీనికి నేను పూచీ’ అనాలి. మొదటివారు గొణుగుతూ ఒప్పుకోవాలి. అంతే. తరువాత ఇద్దరూ ఇంటికి పోయి భోంచేస్తారు.

ఇందులో ముఖ్యమైనది ఒకటే. చెట్టు నమ్మాలి. ఇది ఉత్తుత్తి బెదిరింపని తెలిసేటట్లు తోటలో ఒక్క మాట దొర్లకూడదు. ఆనాడే కాదు, కోత అయ్యేవరకూ దొర్లకూడదు. అందుకే ఈ అర్జీని ఇంట్లో, తోటవైపు కిటికీ మూసుకొని రాస్తున్నాను.

3. మామూలుగా పూచీ పడేది మా అత్తగారు. ఊళ్ళో సగం తోటల్లో ఆవిడ పూచీ మీద బతికిన చెట్లు ఉన్నాయి. ఈ ఏడు మోకాళ్ళు లేవనివ్వక నన్ను పంపింది. అదే మొదటి పొరపాటు అయింది.

ఆ ఉదయం నా భర్త పక్క తోట లమీన్ దగ్గర గొడ్డలి అడిగి తెచ్చి, చెట్టు ముందు నిలబడి మొదలుపెట్టాడు.

“నాలుగేళ్ళు! నాలుగేళ్ళుగా పేడ మోసి మోసి నా వీపు వంగిపోయింది. ఒక్క గెల, ఒక్కటంటే ఒక్కటి వేసిందా ఇది? తినడం తప్ప ఏం తెలుసు దీనికి? ఇవాళ దీన్ని ముక్కలు చేసి రొట్టెల పొయ్యిలో పెట్టకపోతే నేను లఖ్దర్ కొడుకునే కాదు!”

ఒక దెబ్బ వేశాడు. నేను ఉరికి వెళ్ళి చెట్టును వాటేసుకొన్నాను.

“ఆగయ్యా! దీనిమీద చెయ్యి వేయాలంటే ముందు నన్ను నరుకు!”

ఈ మాట ఆచారంలో లేదు. నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. నా భర్త ఒక్క క్షణం తెల్లబోయి, తరువాత ఇంకా పెద్ద గొంతుతో అందుకొన్నాడు.

“తప్పుకోవే! నీ పుట్టింటి వాళ్ళలాగే ఇదీ! చూడ్డానికి మీనారంత పొడుగు, పనికి మాత్రం సున్నా!”

“మా పుట్టింటి వాళ్ళ ఊసు ఇప్పుడెందుకు? మా అన్న నీకు గాడిదను ఊరికే ఇవ్వలేదూ?”

“కుంటి గాడిద!”

ఇక్కడినుంచి కొంతసేపు చెట్టు సంగతి వెనకబడింది. అది దాచడం లేదు. ఏడుపు మాత్రం నిజంగానే వచ్చింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ పడ్డాయి. నేను “ఇది కాస్తుంది, నేను పూచీ, నేను పూచీ” అని అరుస్తూ ఉండగానే తోట గోడ మీదినుంచి ఈల వినిపించింది. కొత్తగా వచ్చిన తోటల సార్జంటు దొర, వెంట సీ షాద్లీ గారు, గోడ దూకి లోపలికి వచ్చారు.

4. చెట్టుకింతని వేసే పన్ను తప్పించుకోవడానికి కాయని చెట్లు నరుకుతున్నారని, అనుమతి లేకుండా ఒక్క చెట్టు కూడా కొట్టరాదని ఉత్తర్వు వచ్చిన మాట మాకు తెలుసు. మా చెట్లన్నిటికీ సున్నంతో అంకెలు వేసి ఉన్నాయి. సార్జంటు దొర ముందుగా ఆ అంకె చూశారు. తరువాత గొడ్డలి చూశారు. తరువాత నన్ను చూశారు. సీ షాద్లీ గారి ద్వారా ప్రశ్నలు వేశారు. సీ షాద్లీ గారు రాజధానిలో పుట్టి పెరిగినవారు. చెట్టును బెదిరించడం ఎప్పుడూ చూడలేదట.

“ఈ చెట్టును కొట్టేద్దామనే వచ్చావా?”

నా భర్త చెట్టువైపు చూశాడు. నావైపు చూశాడు. ఆయన ఎదుట ఉన్నవి రెండే దారులు. లేదంటే, మా నాలుగేళ్ళ కష్టం, ఆనాటి అరుపులు, పూచీ, అంతా ఒక్క మాటతో పోతుంది. చెట్టు ఇక ఎన్నటికీ భయపడదు. అవునంటే, తోట బయటికి పోయాక విడమరచి చెప్పుకోవచ్చు.

“అవును దొరా. కొట్టేద్దామనే వచ్చాను.”

“ఎందుకు?”

“కాయదు గనుక.”

“ఉత్తర్వు సంగతి తెలుసా?”

“తెలుసు. తెలిసే వచ్చాను. దీని పాపం పండింది.”

“మీ ఆవిడ ఏమంటోంది?”

“వద్దంటోంది. ఆడవాళ్ళు ఎప్పుడూ వద్దనే అంటారు.”

సార్జంటు దొర నావైపు జాలిగా చూసి, “నీ మొగుడికి లేని బుద్ధి నీకుందమ్మా” అన్నట్లు సీ షాద్లీ గారు చెప్పారు. అప్పుడు నేను నిజం చెప్పి ఉండవచ్చు. కాని నేనూ ఆ చెట్టు కిందే ఉన్నాను. తల వంచుకొని కొంగు నోట్లో కుక్కుకొన్నాను. అది కూడా సాక్ష్యంగా రాసుకొన్నారట. కాగితం చెట్టు మొదట్లోనే రాసి, అక్కడే ఆయన వేలిముద్ర వేయించారు. దానిలో రెండు నేరాలు ఉన్నాయి: ఒకటి చెట్టును నరకబోవడం, రెండు అడ్డుపడిన భార్యను గొడ్డలితో బెదిరించడం.

5. తోట గోడ దాటి, కాలువ దాటి, గాడిదల బాట ఎక్కగానే నా భర్త నిలబడి నవ్వాడు.

“అమ్మయ్య! ఇప్పుడు చెప్తాను వినండి దొరా. అదంతా చెట్టుకోసం. ఎవడైనా తన చెట్టును తానే నరుక్కుంటాడా?”

మొదటినుంచి అంతా చెప్పాడు. నేను కూడా చెప్పాను. సీ షాద్లీ గారు సార్జంటు దొరకు ఒక్క ముక్కలో అనువదించి, మాతో ఇలా అన్నారు:

“తోటలో ఒక మాట, బాటమీద ఒక మాట! ఊరి పొలిమేరలో ఇంకొకటి చెప్తావా? ఠాణా చేరేలోపు ఎన్ని మారుస్తావో లెక్కపెట్టుకోమంటావా?”

“అయ్యా, అక్కడ చెట్టు వింటోంది. ఎలా చెప్పను?”

“చెట్టు వింటోందిట! రాజధానిలో ఈ మాట చెప్తే నన్ను కూడా లోపల వేస్తారు.”

సీ షాద్లీ గారు చెడ్డవారు కారు. దారిలో నా భర్తకు తన సీసాలో నీళ్ళు ఇచ్చారు. కాని ఈ సంగతిని మాత్రం అనువదించలేదు. ‘వాంగ్మూలం మారుస్తున్నాడు’ అని మాత్రమే చెప్పారని నాకు తరువాత తెలిసింది. చెట్టు వింటుందన్న మాట దొరకు చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది. ఇది నేరంగా చెప్పడం లేదు. ఇప్పుడు చదివేటప్పుడైనా చెప్పవలెనని.

6. మరునాడు ఠాణాకు వెళ్ళి, నా భర్తకు నేను పూచీ పడతాను, విడవండి అని అడిగాను. ఆడవాళ్ళ పూచీ చెల్లదన్నారు.

“మగవాణ్ణి ఎవరినైనా తీసుకురా” అన్నారు సీ షాద్లీ గారు.

“నా పూచీ చెట్టుకు చెల్లింది, మనిషికి చెల్లదా?” అన్నాను.

“చెట్టు పారిపోదు కదమ్మా.”

సరేనని మగవాడి కోసం వెతికాను. మా అన్న ఉత్తరాన గోధుమల పనికి వెళ్ళి ఉన్నాడు. లమీన్ పూచీ పడతానన్నాడు గాని, గొడ్డలి అతనిదని తేలడంతో అతణ్ణే నేరంలో భాగస్వామిగా రాయబోయారు. పాపం, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

7. మా ఊళ్ళో ఈ ఆచారం ఉన్నదని, సర్కారు నియమించిన ఊరి పెద్ద షేఖ్ మిఝూనీ గారు ఒక్క మాట చెబితే చాలునని సార్జంటు దొర అన్నారు. మా అత్తగారిని గాడిద మీద ఎక్కించుకొని షేఖ్ గారి ఇంటికి వెళ్ళాను. మొన్ననే తమరు గ్రామాలు చూడవచ్చినప్పుడు, తమ హయాంలో మూఢాచారాలన్నీ పోయాయని షేఖ్ గారు తమకు విన్నవించి ఉన్నారట. ఇప్పుడు మాట మార్చలేనన్నారు.

“అలాంటి ఆచారం నేను ఎరగను, అత్తా” అన్నారు.

మా అత్తగారు గాడిద దిగకుండానే అన్నది:

“ఎరగవూ? ఏరా మిఝూనీ, పోయిన ఏడు నీ తోటలో బావి పక్క చెట్టును నువ్వు తిడుతుంటే, దాన్ని కాపాడింది నేను కాదూ? నన్ను ఎత్తుకొచ్చి మరీ నిలబెట్టావు కదరా, ‘నీ గొంతైతే చెట్టు నమ్ముతుంది అత్తా’ అని!”

“అత్తా, మెల్లగా. తలుపు తీసి ఉంది.”

“తీసి ఉంటేనేం? ఆ చెట్టు కాసిందా లేదా, అది చెప్పు.”

“కాసింది.”

“మరి?”

“కాసిందని నేను రాసివ్వలేను, అత్తా. నా ఉద్యోగం చూడు.”

దారిపొడుగునా మా అత్తగారు షేఖ్ గారిని ఏమీ అనలేదు. నన్నే అన్నది: “అంత ఏడుపు ఎందుకే నీకు? పూచీ పడేవాళ్ళు బతిమాలాలి గాని ఏడవకూడదు. ‘ముందు నన్ను నరుకు’ అట! ఎవరు నేర్పారే నీకా మాట? నేనైతే ఆ దొరను కూడా కూర్చోబెట్టి పూచీదార్ని చేసేదాన్ని.” కొంచెం సేపటికి, “చెట్టు మాత్రం బాగా బెదిరే ఉంటుందిలే” అని కూడా అన్నది.

8. ఇక అసలు ఆపద. ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఆడచెట్టు పూపొత్తి విచ్చిన కొద్ది రోజుల్లోనే మనిషి పైకెక్కి, మగపూ రెమ్మలు దానిలో పెట్టి, ఈనెతో కట్టాలి. గాలి చేసే పని కాదు, ఈగలు చేసే పని కాదు. కట్టకపోతే గింజలేని పీచుకాయలు వస్తాయి; మేకలు కూడా ముట్టవు. మా తోటలో పొత్తులు విచ్చుకొంటున్నాయి. నా భర్త ముందే కోసి ఇచ్చిన మగపూతను నీడన ఆరబెట్టి ఉంచాను. కట్టేవాడు లేడు. ఊళ్ళో చెట్టెక్కే మగవాళ్ళందరూ ఇప్పుడు తమ తమ చెట్ల మీదే ఉన్నారు. లమీన్ ఆరు తోటలు ఒప్పుకొని ఉన్నాడు; మొహమాటానికి మావి రెండు చెట్లు కట్టి పెట్టాడు, అంతకంటే అతనికి కుదరదు. నేరం రుజువై శిక్ష పడితే పడనివ్వండి. కాని విచారణ కోసం ఎదురుచూస్తుండగానే పూత పోయిందంటే, ఆ శిక్ష నా భర్తకు కాదు. ఇద్దరు పిల్లలకు, ఒక ముసలమ్మకు పడుతుంది. వాళ్ళు ఏ వేలిముద్రా వేయలేదు.

కాబట్టి తమరు దయతో నా భర్తను వెంటనే విడువవలెనని, అటు తరువాత విచారణకు ఎప్పుడు పిలిచినా వస్తాడని మనవి. చెట్టు మీది మచ్చ చూడదలచుకొంటే తప్పక చూడవచ్చును. దెబ్బలు గొడ్డలి వెనకవైపువి, బెరడు కూడా లేవలేదు. అయితే చూడవచ్చినవారు చెట్టు దగ్గర ఏమీ అడగకుండా, మచ్చ చూసుకొని, ప్రశ్నలు కాలువ ఇవతల అడగవలెను. చెట్టు దగ్గర అడిగితే మేము వేరే మాట చెప్పవలసి వస్తుంది. రెండో నేరం సంగతి: నా భర్త నన్ను ఎన్నడూ కొట్టలేదు. గాడిద కుంటిదన్న మాట తప్ప నన్ను ఆయన బాధపెట్టినది లేదు; అది కుంటిదన్నదీ నిజమే. లమీన్ గొడ్డలి అతనికి తిరిగి ఇప్పించవలెను. అది లేక అతను ఎండు మట్టలు కొట్టలేకపోతున్నాడు.

ఈ సంగతులన్నీ చిత్తగించి, మాకు పూత మిగిలి ఉండగానే కనికరించవలెను.

తమ విధేయురాలు,
మన్నూబియా,
తుహామీ బిన్ లఖ్దర్ భార్య

తా.క. అయ్యా, పైది రాసి ముగించాక సంతకు పోయే బండి రాలేదు. రెండు రోజులు ఈ కాగితం ఇంట్లోనే ఉంది. ఈలోగా నేను ఎక్కాను.

మా ఊళ్ళో ఆడది ఖర్జూరపు చెట్టెక్కే వాడుక లేదు. నా భర్త షరాయి వేసుకొని ఎక్కాను. మా అత్తగారిని తోట వాకిట్లో కూర్చోబెట్టి, ఎవరైనా మగవాళ్ళు వస్తే దగ్గమన్నాను. ఆవిడ ఊరికే దగ్గుతూనే ఉంది. దగ్గినప్పుడల్లా గబగబా దిగాను. చూస్తే ఎవరూ ఉండరు. “గొంతు సరిచేసుకొన్నానే, నీకేం భయం?” అంటుంది. అయినా చిన్న చెట్లన్నీ కట్టాను. రెమ్మ పెట్టడం, ఈనె ముడివేయడం కింద నుంచి చూసినంత తేలిక కాదు. మట్టల ముళ్ళు గుచ్చుకొని అరచేతులు చీరుకుపోయాయి. ఈ కింది రాత అందుకే ఇలా వంకరగా ఉంది.

మిగిలినవి నాలుగు. మా మామగారి తాత నాటినవి. మీనారు కంటే ఎత్తు. మా ఇంటి గోధుమల్లో సగం పైగా ఆ నాలుగు చెట్లవే. మొదటిదానికి సగం దూరం ఎక్కాను. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. పైకి పోవు, కిందికి రావు. చెట్టును వాటేసుకొని చాలాసేపు ఉండిపోయాను. కింద నుంచి మా అత్తగారు, “దిగి రా అమ్మా, దిగి రా తల్లీ” అంటూనే ఉంది. ఆవిడ నన్ను తల్లీ అని పిలవడం ఇంతకు ముందు వినలేదు. ఎలా దిగానో తెలియదు.

దొరా, ఇప్పుడు విడుదల అడగడం లేదు. పైన రాసినదంతా మీరు తీరిగ్గా చూడండి, విచారించండి, మీ ఇష్టం. నాకు ఆయన ఒక్క పగలు కావాలి. పొద్దున్నే పంపండి, చీకటి పడేలోపు మళ్ళీ మీ ఠాణాలో అప్పజెప్తాను. సంకెళ్ళు మాత్రం తీసి పంపండి, సంకెళ్ళతో ఎక్కలేడు. సార్జంటు గారిని, ఇంకా ఎంతమంది కావాలంటే అంతమందిని చెట్టు కింద నిలబెట్టుకోండి. అంత ఎత్తున చెట్టు కొసన ఉన్న మనిషి ఎక్కడికి పారిపోతాడు?